అడవిలోకి ఎందరు, ఏ షరతుల మీద?

2023 జూలై చివర్లో ములుగు జిల్లా వెంకటాపురం మండలంలోని ముత్యంధార జలపాతం చూడబోయిన దాదాపు 80 మంది, తిరిగొచ్చేలోగా వాగు పొంగడంతో అడవిలోనే చిక్కుకుపోయారు. విపత్తు దళాలు వెళ్ళి వాళ్ళను క్షేమంగా బయటికి తెచ్చాయి. మూడు వారాలు తిరక్కుండానే, ఆగస్టు 11 రాత్రి, అలిపిరి మెట్ల దారిలో ఆరేళ్ళ పాపను చిరుత ఎత్తుకుపోయి చంపింది. ఆ వచ్చే జనవరిలో కర్ణాటకలోని కుమార పర్వతం కాలిబాట మీద జనం బారులు తీరిన వీడియోలు ఫోన్లలో తిరిగాయి. అక్కడి ప్రభుత్వం వెంటనే ఆన్‌లైన్ బుకింగ్ లేని ట్రెక్కింగ్‌లను ఆపేసింది.

వరద, మృగం, రద్దీ. మూడూ వేరువేరు సమస్యలు. అయినా ప్రతిసారీ రేగిన చర్చ మాత్రం ఒకటే. అసలు జనాన్ని అడవిలోకి వదలడమే తప్పన్నారు కొందరు. జనానికి అడవిలో మెలగడం నేర్పితే చాలన్నారు ఇంకొందరు. ఆ కొండల్లో బతికేవాళ్ళ చేతికి పగ్గాలిస్తే గొడవే ఉండదన్నది మూడో మాట. ముగ్గురి దగ్గరా గట్టి ఉదాహరణలున్నాయి. ముగ్గురూ ఎదుటివాళ్ళ ఉదాహరణల జోలికి పోరు. చిక్కుముడి అక్కడే పడింది.

తిథి పోయి వారాంతం వచ్చింది

తెలుగువాళ్ళకు కొండెక్కడం కొత్త కాదు, పనీ మొక్కూ లేకుండా ఎక్కడమే కొత్త. ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలానికి నడిచే దారి నల్లమల నడిగుండె గుండా పోతుంది. అందులో కొంతమేర రాతిమెట్లు రెడ్డిరాజుల కాలం నాటివి. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి ఈ నల్లమల కొండలెక్కే శ్రీశైలం చూశాడు. ఇప్పటికీ ఉగాది ముందు కన్నడ భక్తులు వేలమంది ఈ దారినే కాలినడకన వస్తారు. కృష్ణకు ఆవలి వైపు, నాగర్‌కర్నూల్ జిల్లాలో, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర. లోయలోకి దిగి లింగమయ్యను చూసి మళ్ళీ ఎక్కి రావాలి.

ఈ పాత నడకలకు ఎవరూ రాసిపెట్టని కట్టడి ఒకటి ఉండేది. అదే తిథి. ఏడాదిలో కొద్దిరోజులు జనం, మిగతా రోజులు అడవి. దారి ఎరిగినవాళ్ళు చెంచులు. ఏ మలుపులో నీళ్ళున్నాయో, ఏ వేళకు ఏ చెలమ దగ్గరికి పోకూడదో వాళ్ళకే తెలుసు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఈ లెక్క మారింది. అభయారణ్యంలో అడుగుపెట్టాలంటే అనుమతి తప్పనిసరి అయింది. మరోవైపు 1949లో పుట్టిన యూత్ హాస్టల్స్ అసోసియేషన్ లాంటి సంస్థలు మధ్యతరగతి కుర్రకారును చౌకగా హిమాలయాలకు తీసుకుపోవడం మొదలుపెట్టాయి. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు కూడా నిండని మాలావత్ పూర్ణ, తోటి విద్యార్థి ఆనంద్‌కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ ఎక్కింది. గురుకుల పాఠశాలల నుంచి వచ్చిన ఆ ఇద్దరూ భువనగిరి కోట బండ మీద తొలి పాఠాలు నేర్చినవాళ్ళు. శిఖరం మన పిల్లలకూ అందేదేనన్న నమ్మకం తెలుగు ఇళ్ళలోకి వచ్చింది అప్పుడే.

ఆ తర్వాత ఫోన్ వచ్చింది. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద నుంచి తెల్లవారుజామున కనిపించే మేఘాల సముద్రం పదిహేను సెకన్ల వీడియోగా మారింది. అంతవరకూ చుట్టుపక్కల గిరిజనులకు తప్ప పెద్దగా ఎవరికీ తెలియని కొండకు శని, ఆదివారాల్లో కార్లు బారులు కట్టాయి. వెనకాలే నీళ్ళ సీసాలు, చిప్స్ సంచులు, చలిమంటల బూడిద. తిథి స్థానంలో వారాంతం వచ్చి కూర్చుంది. జాతర ఏడాదికి ఒకసారి కాక యాభై రెండుసార్లు అయింది.

ఇవాళ్టి చర్చ అంతా ఈ మార్పు చుట్టూనే తిరుగుతోంది. పాత కట్టడి పోయింది. దాని స్థానంలో ఏది రావాలన్నదే తగువు.

తలుపు మూయమనేవాళ్ళు

ఈ పక్షం ముందుగా చూపే ఉదాహరణ నందాదేవి. 7,816 మీటర్ల ఆ శిఖరం చుట్టూ కొండలు వలయం కట్టి ఉంటాయి. ఉన్న ఒక్క సందు రిషిగంగ కోసుకున్న ఇరుకు లోయ. 1934లో షిప్టన్, టిల్మన్ అనే ఇద్దరు ఆంగ్లేయులు ఆ లోయ గుండా లోపలికి దారి కనుక్కున్నారు. 1974లో ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని విదేశీ పర్వతారోహకులకు తెరిచింది. పదేళ్ళు కాకుండానే హిమాలయాల్లో బాగా రద్దీ ఉండే చోట్లలో అదొకటైంది. వంటచెరకు కోసం పొదలు నరికారు. డబ్బాలు, తాళ్ళు, చిరిగిన టెంట్లు ఎక్కడివక్కడే వదిలేశారు. కస్తూరి మృగాల వేట సాగింది. 1982లో జాతీయ పార్కుగా ప్రకటించి, ఆ మరుసటి ఏడాది నుంచి అందరికీ దారి మూసేశారు. 1993లో సైన్యంలోని ఇంజనీర్ల దళం శాస్త్రవేత్తలను వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళింది. దాదాపు టన్ను చెత్తను కిందికి మోసుకొచ్చింది. పచ్చదనం కోలుకుంటోందని శాస్త్రవేత్తలు నమోదు చేశారు.

ఇంతవరకూ కథ ఆ పక్షానికి అనుకూలమే. (ఆ కొండ మీద మిగిలిపోయిన అతి ప్రమాదకరమైన వస్తువు ట్రెక్కర్లది కాదన్నది వేరే సంగతి. 1965లో అమెరికా, భారత గూఢచారి సంస్థలు కలిసి అక్కడికి తీసుకెళ్ళిన ప్లుటోనియం యంత్రం మంచులో మాయమైంది. ఇప్పటికీ దొరకలేదు.)

రెండో సగం లాతా, రేణి గ్రామాలది. 1974లో గౌరాదేవి వెంట రేణి మహిళలు చెట్లకు అడ్డంపడి నరికివేతను ఆపారు. చిప్కో ఉద్యమానికి పేరు తెచ్చిన ఘట్టం అది. అడవిని కాపాడిన ఆ ఊళ్ళకే పార్కు ప్రకటనతో పశువుల మేత, మూలికలు, పోర్టర్ పని ఒక్కసారిగా పోయాయి. 1998లో లాతా గ్రామస్థులు నిషేధాన్ని ధిక్కరించి లోపలికి నడిచారు. పార్కు అంచు వరకు, పరిమిత సంఖ్యలో, ట్రెక్కర్లను మళ్ళీ అనుమతించింది 2003లో.

పక్కనే ఉన్న పూలలోయ కథ ఇంకా మెలికలు తిరిగింది. 1982లో అక్కడ మేతను నిషేధించారు. కొన్నేళ్ళకు, స్థానికులు అమేలా అని పిలిచే ఒక రకం మొక్క గుబురుగా పెరిగి చిన్న పూలమొక్కలను కప్పేయడం మొదలుపెట్టింది. గొర్రెలు రాకపోవడమే కారణమని ఒక వర్గం శాస్త్రవేత్తలంటే, కొండచరియలు విరిగిపడిన చోట అది మామూలుగానే పెరుగుతుందని మరో వర్గం అంది. అటవీ శాఖ మాత్రం కూలీలను పెట్టి ఆ మొక్కను పీకిస్తోంది. మనిషిని బయటికి పంపేస్తే ప్రకృతి తన మునుపటి రూపానికి దానంతటదే చేరుకుంటుందన్న నమ్మకానికి ఈ లోయ అంత తేలిగ్గా లొంగదు.

న్యాయస్థానాలు కూడా ఈ దారిలో కొంతదూరం నడిచాయి. 2012 జూలైలో సుప్రీంకోర్టు పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతాల్లో పర్యాటకాన్ని తాత్కాలికంగా ఆపేసింది. అక్టోబరులో కొత్త మార్గదర్శకాలు వచ్చాక ఆంక్ష ఎత్తేసింది. కోర్‌లో ఐదో వంతుకు మించి పర్యాటకులకు తెరవకూడదన్నది ఆ మార్గదర్శకాల్లో ఒకటి. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు, బుగ్యాళ్ళనే ఎత్తైన పచ్చికబయళ్ళ మీద రాత్రి బస నిషేధించి, సందర్శకుల సంఖ్యను 200కు పరిమితం చేసింది. రూప్‌కుండ్ దారిలో దశాబ్దాలుగా సాగిన శిబిరాలు దాంతో ఆగిపోయాయి.

ఈ వాదంలో ఒక బలహీనత ఉంది. తలుపు మూత ట్రెక్కర్‌ను ఆపినంత సులువుగా గనిని, ఆనకట్టను, రహదారిని ఆపదు. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా అనుమతి వచ్చింది. దాన్ని వెనక్కి నెట్టింది చెంచుల గూడేలైన పెంటల నుంచి హైదరాబాద్ దాకా లేచిన నిరసన. చివరికి తెలంగాణ శాసనసభ సెప్టెంబరులో వ్యతిరేక తీర్మానం చేసింది. నల్లమలను ఒక్కసారైనా కళ్ళతో చూసినవాళ్ళు అంతమంది లేకపోతే నగరంలో ఆ గొంతు అంత గట్టిగా లేచేదా అన్నది, తెరవమనేవాళ్ళు వేసే ప్రశ్న. వాళ్ళకు హైదరాబాద్‌లోనే ఇంకో రుజువుంది. దాదాపు 250 కోట్ల ఏళ్ళ వయసున్న గ్రానైట్ బండలు క్వారీలకు, కాలనీలకు బలైపోతుంటే 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ ఏర్పడింది. జనాన్ని వెంటబెట్టుకుని బండల మధ్య నడవడమే దాని ప్రధాన ఆయుధం. కొన్ని బండల సముదాయాలకు వారసత్వ హోదా దక్కడం వెనుక ఆ సంస్థ కృషి ఉంది.

నడవడి నేర్పమనేవాళ్ళు

రెండో వర్గానికి మూలపాఠం అమెరికా నుంచి వచ్చింది. అక్కడ 1964లో అరణ్య చట్టం వచ్చాక, వీపున సంచి తగిలించుకుని అడవులకు పోయేవాళ్ళు విపరీతంగా పెరిగారు. నిషేధాలు సరిపోవని గ్రహించిన అటవీ, పార్కు శాఖలు ఆనవాలు మిగల్చకుండా తిరిగి రావడం ఎలాగో బోధించడం మొదలుపెట్టాయి. 1994 నాటికి దానికోసం విడిగా ‘లీవ్ నో ట్రేస్’ అనే సంస్థ వెలిసింది. ముందే సిద్ధపడటం, గట్టినేల మీదే నడవడం, టెంటు వేయడం, చెత్తను తగిన రీతిలో వదిలించుకోవడం, కనిపించిందల్లా తెచ్చుకోకపోవడం, మంట విషయంలో జాగ్రత్త, జంతువులకు ఎడంగా ఉండటం, తోటివాళ్ళను ఇబ్బంది పెట్టకపోవడం. ఈ ఏడు సూత్రాలే ఇవాళ మన ట్రెక్కింగ్ బృందాల వాట్సాప్ గ్రూపుల్లో బయలుదేరే ముందురోజు ప్రత్యక్షమవుతాయి.

సూత్రం వేరు, వాగు ఒడ్డున రాత్రి వంట వేరు. నలభై మంది ఉన్న బృందం అన్నం, సాంబారు తిన్నాక గిన్నెలు ఎక్కడ తోముతుంది? వాగులోనే. ‘మట్టిలో కలిసిపోయే సబ్బు’ అని రాసి ఉన్న సీసా వాడినా అది కలిసిపోవడానికి మట్టి కావాలి, నీళ్ళు కాదు. నీళ్ళకు 200 అడుగుల దూరంలో, అంటే దాదాపు డెబ్భై అంగల అవతల, తోమిన నీళ్ళు పారబోయాలన్నది సూత్రం. మలవిసర్జనకూ అంతే దూరం, జానెడు లోతు గుంట. అమెరికావాళ్ళు ఈ నియమం రాసుకుంది కాగితం వాడే అలవాటుకు. నీళ్ళు వాడే మన అలవాటుకు వాగు దగ్గరే అనువు. కాబట్టి ఈ దూరం మనకు మరీ ముఖ్యం, పాటించడం మరీ కష్టం. ఒక చెంబు, చిన్న తవ్వుగోల తీసుకెళ్ళమని చెప్పే నిర్వాహకులు చాలా తక్కువ. అరటి తొక్క, మిగిలిన అన్నం ‘ఎలాగూ కుళ్ళిపోతాయి కదా’ అని విసిరేయడం ఇంకో అలవాటు. కుళ్ళేలోగా కోతులు, అడవిపందులు వాటికి మరుగుతాయి.

ఈ వర్గానికి అండగా, అదే సమయంలో ఇబ్బందిగా, నిలిచే పరిశోధన డేవిడ్ కోల్‌ది. అమెరికా అటవీ శాఖకు చెందిన ఈ శాస్త్రవేత్త శిబిర స్థలాలను దశాబ్దాల తరబడి కొలిచాడు. ఏడాదికి కొద్ది రాత్రులు మాత్రమే వాడిన చోటులోనూ నేల మీది పచ్చదనం చాలావరకు పోతుందని, ఆపైన ఎంతమంది వచ్చినా అదనపు నష్టం అంత వేగంగా పెరగదని తేల్చాడు. దీని అర్థం మామూలు ఆలోచనకు ఎదురుగా ఉంటుంది. అరిగిన బాట మీద నూరో మనిషి చేసే చెరుపు కన్నా, ఎవరూ తొక్కని గడ్డి మీద మొదటి పదిమంది చేసే చెరుపే ఎక్కువ. రద్దీని ‘ఇంకా ఎవరికీ తెలియని’ చోట్లకు మళ్ళిస్తే మంచిదన్న మాట పర్యాటక శాఖల ప్రకటనల్లో, ట్రావెల్ వీడియోల్లో తరచూ వినబడుతుంది. నేల సంగతి వరకు చూస్తే అది తలకిందుల సలహా.

1985లో కోల్, ఆయన సహచరులు ఇంకో మెట్టు పైకి వెళ్ళారు. ఎంతమందిని పంపవచ్చు అన్న ప్రశ్ననే పక్కనపెట్టి, ఎంత మార్పును ఒప్పుకోగలం అని అడగమన్నారు. బాట ఎంత వెడల్పయితే ఆపాలి, నీళ్ళలో ఏది ఎంతకు చేరితే మూయాలి, ముందే రాసుకుని కొలుస్తూ పోవాలన్నమాట.

విమర్శ రెండు వైపుల నుంచి వచ్చింది. ఆనవాలు నేల మీదే ఉంటుందా అన్నది మొదటిది. కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకురాలు కైట్లిన్ గేనర్, సహచరులతో కలిసి 2018లో ‘సైన్స్’ పత్రికలో 62 క్షీరద జాతుల మీది అధ్యయనాలను గుదిగుచ్చి చూపింది. మనిషి తిరిగే చోట జంతువులు రాత్రి సంచారాన్ని సగటున 1.36 రెట్లు పెంచుకున్నాయి. వేటగాడు తిరిగినా, ఊరికే నడిచేవాడు తిరిగినా పెద్ద తేడా లేదు. చాక్లెట్ కాగితం కూడా జేబులో వేసుకుని వచ్చే ఆదర్శ ట్రెక్కర్ వెనక కూడా, కనిపించకుండా పగటిని వదులుకున్న జింక ఉండవచ్చు.

రెండోది 2009లో గ్రెగరీ సైమన్, పీటర్ అలగోనా లేవనెత్తారు. ఆనవాలు మాయం కాలేదు, చోటు మారిందంతే అన్నారు. కట్టెలు వద్దన్నారు కాబట్టి గ్యాస్ డబ్బా వచ్చింది, ఆకులు పరచుకోవద్దన్నారు కాబట్టి నురగ చాప వచ్చింది. వాటి ఫ్యాక్టరీ, గని, ఓడ అడవిలో కనిపించవు. హైదరాబాద్ నుంచి దెహ్రాదూన్‌కు విమానంలో వెళ్ళి నాలుగు రోజులు మచ్చలేకుండా నడిచి వచ్చేవాళ్ళ లెక్కలో ఆ విమానం ఎక్కడ రాయాలన్నది ఈ వర్గం ఇంకా సరిగా జవాబు చెప్పని ప్రశ్న.

గూడేనికి అప్పగించమనేవాళ్ళు

మూడో వర్గం మొదటి రెండు వాదాలూ పట్నంవాళ్ళవేనంటుంది. ఒకరు గేటు దగ్గర అధికారిని పెడతారు, ఇంకొకరు వచ్చేవాడికి పాఠం చెబుతారు. అక్కడే ఉన్నవాడిని ఇద్దరూ అడగరు. 2001 అక్టోబరులో లాతా గ్రామసభ చేసిన ప్రకటన ఈ పక్షానికి ఆధారపత్రం లాంటిది. తమ ప్రాంతంలో పర్యాటకం ఉంటే అది తమ నిర్ణయంతో, తమ ఉపాధికి, బయటి గుత్తసంస్థలు లేకుండా ఉండాలన్నది దాని సారాంశం.

తెలుగు నేల మీద దీనికి ఒక రూపం వనసంరక్షణ సమితులు. మారేడుమిల్లిలో వాగు ఒడ్డున శిబిరం, నల్లమలలో బైర్లూటి గుడారాలు, దోర్నాల దారిలో తుమ్మలబైలు జీపు ప్రయాణం, వీటిలో కొండరెడ్లు, చెంచులు వంట, కాపలా, గైడు పనులు చేస్తున్నారు. తెలంగాణ వైపు మన్ననూరు నుంచి నడిచే ‘టైగర్ స్టే’లోనూ స్థానికులకు పని ఉంది. తమిళనాడు 2024 అక్టోబరులో 40 బాటలతో ఒక పథకం మొదలుపెట్టి, అడవి అంచు ఊళ్ళ యువతకు శిక్షణ ఇచ్చి గైడ్లుగా నియమించింది.

పాదముద్ర చూసి ఎలుగు ఎంతసేపటి క్రితం పోయిందో చెప్పగలిగే మనిషి ముందు నడుస్తుంటే ట్రెక్ స్వరూపమే మారిపోతుంది. స్పీకర్ ఆపమని నోటీసు బోర్డు చెప్పడానికీ ఆయన చెయ్యెత్తి ఆగమనడానికీ చాలా తేడా ఉంది.

కానీ కూలి ఇవ్వడం, అధికారం ఇవ్వడం ఒకటి కాదు. 2006 అటవీ హక్కుల చట్టం తమ సామూహిక అటవీ వనరును కాపాడుకునే, నిర్వహించుకునే హక్కును గ్రామసభకు ఇచ్చింది. బాట తెరవాలా మూయాలా, ఛార్జీ ఎంత అన్న నిర్ణయాలు మాత్రం ఇంకా కార్యాలయాల్లోనే జరుగుతున్నాయి. దీనికి తోడు ఒక చేత్తో చెంచులను గైడ్లుగా పెట్టుకుంటూ, ఇంకో చేత్తో కోర్ ప్రాంతంలోని పెంటలను ఖాళీ చేయమనడం ఏమిటని హక్కుల సంఘాలు నిలదీస్తున్నాయి. సఫారీ జీపుకు ఉన్న చోటు తరతరాల గుడిసెకు ఎందుకు లేదన్న ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పినవాళ్ళు అరుదు.

ఈ పక్షంలోనూ ఒక అమాయకత్వం ఉంది. స్థానికులు కాబట్టి అడవికి కీడు చేయరనుకోవడం. వంజంగి లాంటి చోట టెంటు అద్దెకిచ్చేదీ, మ్యాగీ వండేదీ కూడా స్థానికులే. ఒక సీజన్ సంపాదన ఏడాది పోడుకు సమానమైనప్పుడు జనాన్ని తగ్గించమని వాళ్ళను అడగడం తేలిక కాదు.

పక్కపక్కన పెడితే

ఇరుగుపొరుగు పద్ధతులను పోల్చితే ఎవరూ ఒకే మందు వాడటం లేదని తెలుస్తుంది. భూటాన్ ధర పెంచి వడపోస్తుంది. విదేశీయుల మీద రోజువారీ రుసుం 2022లో 200 డాలర్లు, మరుసటి ఏడాది 100కు దిగింది. శిఖరారోహణను మొత్తానికే నిషేధించింది. జనం పలచగా ఉంటారు, కానీ ఆ అనుభవం డబ్బున్నవాళ్ళదే. నేపాల్ జనాన్ని రానిస్తూనే షరతులు పెడుతుంది. ఎవరెస్ట్ ఎక్కేవాళ్ళు 4,000 డాలర్లు డిపాజిట్ కట్టి, తలా 8 కిలోల చెత్త కిందికి తేవాలన్న నియమం 2014లో వచ్చింది. చాలామంది దిగువ శిబిరాల చెత్త చూపించి డిపాజిట్ తీసుకున్నారు. పై శిబిరాలది పైనే ఉండిపోయింది. తేలిగ్గా కొలవగలిగిన దాన్నే కొలిస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఇది.

కర్ణాటకది సంఖ్య పద్ధతి: ఆన్‌లైన్ టికెట్, ఒక్కో బాటకు రోజుకు 300 మంది. నియంత్రణ సులువే, కానీ 300 అన్నది ప్రతి కొండకూ ఒకేలా ఎలా సరిపోతుంది? తమిళనాడుది గైడు పద్ధతి. అగ్గికాలంలో బాటలు మూసేస్తుంది. ఖర్చు ఎక్కువన్న ఫిర్యాదు ఉన్నా, ఏటా ఆ నెలల్లో అడవికి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. స్కాట్లండ్ 2003 చట్టంతో దాదాపు ఎక్కడైనా నడిచే హక్కు ఇచ్చి, దానికి బాధ్యతల నియమావళిని జోడించింది. పులులూ ఏనుగులూ లేని చోట, జనసాంద్రత తక్కువున్న చోట చెల్లే పద్ధతి అది. మన దగ్గర దాన్ని ఆదర్శంగా చూపేవాళ్ళు ఈ రెండు సంగతులూ మరిచిపోతుంటారు.

తెలుగు రాష్ట్రాల్లో ఉన్నది పద్ధతి అనడం కన్నా సర్దుబాటు అనడం నిజం. శిబిరాలకు బుకింగ్ ఉంది, సఫారీకి టికెట్ ఉంది, శ్రీశైలం రోడ్డు మీద అమ్రాబాద్ పరిధిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలకు ఆపుదల ఉంది. కాలినడకన పోయేవాడి విషయం మాత్రం చాలాచోట్ల రేంజర్ విచక్షణకే వదిలేశారు. ఒకాయన ఒప్పుకున్నది ఆయన బదిలీ కాగానే నేరమవుతుంది.

ప్రాణం పోతే పూచీ ఎవరిది

2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో ఎండుగడ్డికి అంటుకున్న మంట 23 మంది ట్రెక్కర్లను బలిగొంది. అక్కడి నుంచే తమిళనాడు నియమాలు బిగుసుకున్నాయి. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్ సహస్రతాల్ దారిలో మంచు తుపానుకు కర్ణాటక బృందంలోని 9 మంది చనిపోయారు. రెండుచోట్లా వెంట గైడ్లున్నారు. గైడు ఉంటే చాలన్న మాటకు ఇక్కడ బ్రేకు పడుతుంది. వాతావరణ హెచ్చరిక అతనికి చేరే దారి ఉండాలి, వెనక్కి తిరుగుదామనే అధికారం అతనికి ఉండాలి, డబ్బు కట్టినవాళ్ళు ఆ మాట వినాలి.

తెలుగువాళ్ళకు ఈ విషయంలో మానని గాయం 2014 జూన్ 8 నాటిది. హిమాచల్‌లోని బియాస్ నదిలో ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, పైనున్న లార్జి డ్యాం నుంచి ఒక్కసారిగా వదిలిన నీళ్ళలో కొట్టుకుపోయారు. హిమాచల్ హైకోర్టు పరిహారం బాధ్యతను విద్యుత్ బోర్డు, కాలేజీ, రాష్ట్ర ప్రభుత్వాల మధ్య పంచింది. ‘పిల్లలు నదిలో ఎందుకు దిగారు’ అన్న ఒక్క ప్రశ్నతో కేసు ముగియలేదన్నది ఆ తీర్పులో గమనించాల్సిన అంశం.

అలిపిరి సంగతి మరో కోణం చూపింది. పిల్లలను మధ్యాహ్నం తర్వాత నడకదారిలోకి రానివ్వకపోవడం, భక్తులకు చేతికర్రలు, గుంపులుగా పంపడం, బోనులు పెట్టి చిరుతలను పట్టడం, అన్నీ జరిగాయి. వీటిలో చేతికర్ర మీద రాష్ట్రమంతా జోకులు పేలాయి. అంతగా చర్చకు రానిది చెత్త. దారి పొడవునా తిండి వ్యర్థాలు పడితే వాటికి కుక్కలు, పందులు వస్తాయి, వాటికోసం చిరుత వస్తుంది. శేషాచలం అడవిలో మనిషి మెట్లకూ మృగం దారికీ మధ్య ఈ గొలుసు తెగితే చాలావరకు ముప్పు తగ్గుతుంది. చెత్తను అందచందాల సమస్యగా, భద్రతను పోలీసు సమస్యగా విడదీసి చూసే అలవాటు వల్ల ఇది ఎవరి పనీ కాకుండా పోతోంది.

ఇంకా తెగనివి

మొదటిది, చోటు పేరు చెప్పాలా దాచాలా. 2018 నుంచి అమెరికాలో కొన్ని కొండ ఊళ్ళు ఫొటోకు కచ్చితమైన స్థలం జోడించవద్దని ప్రచారం చేశాయి. దాస్తే ఆ చోటు పరిచయాలున్నవాళ్ళ సొత్తవుతుందని, బస్సెక్కి వచ్చే సామాన్యుడే నష్టపోతాడని ఎదురువాదం వచ్చింది. కోల్ పరిశోధనను నమ్మితే, అరిగిన బాటల పేర్లు ఊరంతా చాటినా ఫరవాలేదు. కొత్త జలపాతం ‘కనిపెట్టిన’ వీడియోకు మాత్రం సంకెళ్ళు కావాలి. అయితే వేసేదెవరు?

రెండోది డబ్బు. రుసుం పెంచితే జనం తగ్గుతారు, కానీ తగ్గేది పేద విద్యార్థి. పెంచకపోతే కాపలాకు, మరుగుదొడ్డికి సొమ్ము ఉండదు. వసూలైన రుసుం ఆ కొండకే ఖర్చవుతోందా, ఖజానాలో కలుస్తోందా అన్నది తేలితే తప్ప ఈ వాదన ముందుకు కదలదు.

మూడోది అన్నిటికన్నా సున్నితమైంది. భక్తుడికి ఒక న్యాయం, ట్రెక్కర్‌కు ఒక న్యాయమా? ఉగాదికి నాగలూటి దారిలో వేలమంది నడవవచ్చు, దారి పొడవునా అన్నదానాలు జరగవచ్చు. డిసెంబరులో పదిమంది గైడుతో నడుస్తామంటే కోర్ ప్రాంతమని అభ్యంతరం. ట్రెక్కర్లకు ఇది అన్యాయంగా కనిపించడం సహజం. అటవీ అధికారుల వైపు నుంచి చూస్తే మాత్రం, వారం రోజుల హోరు తర్వాత మిగతా ఏడాదంతా ప్రశాంతత ఉండటం, ప్రతి శనివారం పదేసి మంది రావడం కన్నా పులికి మేలు. నేల గురించి కోల్ చెప్పిందీ, జంతువుల గురించి గేనర్ బృందం చెప్పిందీ ఈ ఒక్క విషయంలో అధికారుల వాదాన్నే బలపరుస్తున్నట్టున్నాయి. తిథి అనే పాత కట్టడి అనుకోకుండానే శాస్త్రానికి దగ్గరగా ఉండి ఉండవచ్చు. అయితే అది బాట పక్కన వేల విస్తళ్ళు, ప్లాస్టిక్ గ్లాసులు పడెయ్యని కాలం నాటి కట్టడి. సలేశ్వరంలో జాతర రోజులు కుదిస్తే అదే జనం తక్కువ రోజుల్లో ఒకరి మీద ఒకరు పడుతున్నారు.

ఈ మూడో తగువును ఊహలతో నడపాల్సిన పని లేదు. నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్ రెండుచోట్లా పులుల లెక్క కోసం కెమెరా ట్రాప్‌లు కడుతూనే ఉన్నారు. యాత్ర దారికి చేరువలో ఉగాదికి ముందు నెల, యాత్ర వారం, తర్వాతి రెండు నెలలు జంతువులు ఏ వేళకు తిరిగాయో ఆ చిత్రాల నుంచి పోల్చి చూడవచ్చు. అదే పని బైర్లూటి, మన్ననూరు లాంటి వారాంతపు చోట్లలోనూ చేసి, రెండు లెక్కలనూ చెంచు గ్రామసభల ముందు, ట్రెక్కింగ్ బృందాల ముందు పెట్టవచ్చు. కావలసిన కెమెరాలు అడవిలో ఉన్నాయి, జంతువులను గుర్తుపట్టే చెంచు ట్రాకర్లు అటవీ శాఖ జీతాల పట్టీలోనే ఉన్నారు.